వీధి మలుపులో చిన్న పార్కు: ముందు ముగ్గుపిండి, ఆ తర్వాతే సిమెంటు

సాయంత్రం ఆరింటికి మీ వీధిలో ఒకసారి నడిచి చూడండి. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ ఎవరింటి గేటు ముందో మెట్టు మీద కూర్చుని ఉంటుంది. పిల్లలు ఆగి ఉన్న కార్ల మధ్య బంతి కోసం వెతుకుతుంటారు. కాలేజీ కుర్రాళ్లు స్టాండు వేసిన బైకుల మీదే కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు. కూర్చోవాలని అందరికీ ఉంది, చోటే లేదు. ఉన్న ఒక్క పార్కూ మెయిన్ రోడ్డు దాటి కిలోమీటరు పోతే గానీ రాదు. దానికో గేటు, ఆ గేటుకి టైమింగ్స్.

మనకి ఇంటింటికీ వీధి అరుగు, ఊరికో రచ్చబండ ఉండేవి. చెట్టు చుట్టూ కట్టిన ఆ గట్టుకి తాళం లేదు. దారినపోయేవాడు కూడా కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లేవాడు. ఇళ్లు అపార్ట్‌మెంట్లయ్యాక అరుగు పోయి సెల్లార్ పార్కింగ్ వచ్చింది. సెల్లార్‌లో పట్టని కార్లు వీధిలోకి వచ్చాయి. ఆ వీధిలోంచి ఓ పదిహేను గజాలు మనుషుల కోసం వెనక్కి తీసుకోవడం ఎలాగో చెప్తాను. పదిహేను గజాలంటే పెద్ద జాగా అనుకోకండి. ఒక్క కారు నిలిపే చోటు అంతే ఉంటుంది: 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు. అందులో ఎనిమిది మంది హాయిగా కూర్చోవచ్చు.

2005లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో రీబార్ అనే డిజైన్ బృందం ఇదే లెక్క వేసింది. రోడ్డు పక్కన పార్కింగ్ మీటర్లో డబ్బులు వేసి, ఆ చోటులో కారుకి బదులు పచ్చగడ్డి పరిచి, ఒక బెంచీ, కుండీలో ఒక చెట్టు పెట్టారు. రెండు గంటలు గడిచాక అన్నీ చుట్టి పట్టుకెళ్లిపోయారు. ఆ రెండు గంటల ఫొటో ఊరూరా తిరిగింది. 2010 నాటికి ఆ నగరపాలక సంస్థే పార్కింగ్ చోట్లలో ఇలాంటి చిన్న పార్కులకి అనుమతులివ్వడం మొదలుపెట్టింది. వాటికి పార్క్‌లెట్లని పేరు. మనం నేర్చుకోవాల్సింది వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి. వాళ్లు ముందు సిమెంటు పొయ్యలేదు, చేసి చూపించారు. మన దగ్గర ఎక్కువ పార్కులు దీనికి తిరగబడి నడుస్తాయి. ముందు శంకుస్థాపన, తర్వాత గ్రిల్లు, ఆ తర్వాత ఎవరూ కూర్చోని బెంచీ. మీరు మాత్రం ఆఖరికి వెయ్యాల్సిన సిమెంటు ఆఖరికే వెయ్యండి.

దుమ్ము చెప్పినట్టు వినండి

ముందు చోటు వెతకాలి. దీనికి మ్యాపు అక్కర్లేదు, చీపురు పట్టుకున్నవాళ్ల కళ్లు కావాలి. బండ్లు తిరిగే చోట రోడ్డు నల్లగా, శుభ్రంగా ఉంటుంది. చక్రం ఎప్పుడూ పడని చోట దుమ్ము, సన్న కంకర, ఎండుటాకులు చేరతాయి. మూడు రోడ్లు కలిసే చోట మధ్యలోనో మూలలోనో ఇలాంటి బూడిదరంగు ముక్క ఒకటి కచ్చితంగా కనిపిస్తుంది. తారు పోశారు గానీ ఆ తారు మీద ఎవరూ నడపడం లేదు. మీ పార్కు చోటు అదే. వీధి ఊడ్చే పారిశుధ్య కార్మికురాలిని అడిగితే నిమిషంలో చెప్పేస్తుంది. మా వీధిలో మాకు చూపించింది ఆవిడే. "ఇక్కడ రోజూ తట్టెడు మట్టి వస్తదమ్మా, బండ్లు రావు కదా" అంది. టేపు పట్టి కొలిస్తే ఇరవై రెండు గజాలు తేలింది. పదకొండేళ్లుగా మేం దాని పక్క నుంచే నడుస్తున్నాం.

వాన పడ్డాక కూడా ఒకసారి వెళ్లి చూడండి. నీళ్లు నిలిచే చోటైతే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. ఎండ ఎటు నుంచి పడుతుందో కూడా చూడండి. మనకి ఉదయం ఎండ పర్వాలేదు, మధ్యాహ్నం మూడు నుంచి పడే పడమటెండే ప్రాణం తీస్తుంది. పడమర పక్కన చెట్టో, పొడుగాటి బిల్డింగు నీడో ఉన్న చోటు దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఇంకో మంచి చోటు, అందరూ ముక్కు మూసుకుని దాటిపోయే చెత్త కుప్ప. చెత్త ఎప్పుడూ ఎవరిదీ కాని మూలలోనే పడుతుంది. ఆ మూలకి మనుషులు వచ్చి కూర్చుంటే అక్కడ కవరు విసరడానికి చెయ్యి రాదు. బెంగళూరులో ది అగ్లీ ఇండియన్ పేరుతో, తమ పేర్లు బయట పెట్టుకోకుండా పనిచేసే పౌరులు ఇలాంటి మూలల్ని ఊడ్చి, గోడకి రంగు వేసి, కుండీలు పెట్టి మార్చుకుంటూ వచ్చారు. ఒక జాగ్రత్త. చెత్త బండి వచ్చే టైముకి ఇళ్లలో ఉండనివాళ్లే ఎక్కువగా అక్కడ పడేస్తారు. వాళ్లకి ఇంకో దారి చూపించకుండా కుప్ప తీసేస్తే అది పది గజాల అవతలికి జరుగుతుంది, అంతే.

వద్దనుకోవాల్సిన చోట్లు కూడా చెప్తాను. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వద్దు. మ్యాన్‌హోల్ మీద, వాల్వు గుంత మీద వద్దు. బస్సులు, లారీలు తిరిగే మెయిన్ రోడ్డు మలుపులో అసలు వద్దు. పార్కు కోసం ఉన్న ఫుట్‌పాత్‌ని తినేయొద్దు. రోడ్లకి ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం నడిచేవాళ్లకి ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు వదలాలి. రెండు వీల్‌ఛైర్లు ఎదురుపడినా తప్పుకోగలిగేంత వెడల్పు అది. ఆ 1.8 మీటర్లు వదిలాకే మీ లెక్క మొదలవ్వాలి.

వీధిపోటు ఇంటి ముందు చోటుంటే వదలకండి. రోడ్డు నేరుగా వచ్చి గుద్దుకునే ఇంటివాళ్లు ఎప్పటి నుంచో గేటుకి ఎదురుగా ఒక చెట్టో, వినాయకుడి పటమో పెట్టుకుని ఉంటారు. రాత్రిపూట వచ్చే కారు లైట్లు వాళ్ల హాల్లోకే కొడతాయి. వాస్తు మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, తమ గేటు ముందు పచ్చటి అడ్డు వస్తుందంటే వద్దనేవాళ్లు తక్కువ.

ఒప్పించాల్సింది ముందు ఎదురింటివాళ్లని

ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు ఆ చోటుకి ఎదురుగా ఉన్న నాలుగిళ్ల తలుపు తట్టండి. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకండి. వెళ్లి కూర్చుని మాట్లాడండి.

మా వీధిలో ఎదురింటి బాబాయ్ గారు మొదటి రోజే అన్నారు: "పగలు మీరు కూర్చుంటారు బాబూ. రాత్రి పదకొండింటికి ఎవరు కూర్చుంటారో, సీసాలు ఎవరు పారేస్తారో నాకు తెలుసు. పొద్దున్నే ఊడ్చేది మీ పిన్నే." ఆ మాటకి మా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆయన చెప్పింది నిజం. ఈ భయాన్ని కొట్టిపారేస్తే మీ పార్కు అక్కడితో ఆగిపోతుంది. మేం చేసినవి చెప్తాను. వీధిలైటు సరిగ్గా ఆ చోటు మీద పడేలా తిప్పించాం. ఎవరి ఇంట్లోంచి చూసినా కనపడేలా మొక్కల్ని మోకాలి ఎత్తు దాటనివ్వలేదు. కుర్చీలు మడిచే రకంవి తెచ్చి, రాత్రి పదింటికి బాబాయ్ గారి కాంపౌండులోనే పెట్టేలా ఒప్పందం చేసుకున్నాం. తాళం ఆయన చేతిలో ఉంది కాబట్టి ఆయనకి ధైర్యం వచ్చింది. నాలుగు నెలల తర్వాత "లోపల పెట్టే పని లేదులే, బయటే ఉండనివ్వండి" అని ఆయనే అన్నారు.

ఆ మూలనే నమ్ముకుని బతికేవాళ్లని మర్చిపోవద్దు. ఇస్త్రీ బండి, పూలమ్మే ఆవిడ, సాయంత్రం మిర్చి బజ్జీల బండి, ఆటో స్టాండు. వీళ్లని తరిమేసి కట్టిన పార్కు న్యాయమైనది కాదు, పైగా నాలుగు రోజులు కూడా నిలవదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్లకి హక్కులిచ్చింది కూడా. నిజానికి మీ పార్కుకి వాళ్లే కాపలా. ఇస్త్రీ బండి ఉన్న చోట పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా ఒక మనిషి కళ్లు ఉంటాయి. బొమ్మ గీసేటప్పుడే బండికి చోటు చూపించి గీయండి.

కారు నిలిపే చోటు పోయే ఒకాయన మాత్రం తప్పకుండా గొడవ పెట్టుకుంటాడు. ఆయనతో వాదించకండి. ఆ చోటులో ఇప్పుడు ఎన్ని బండ్లు, ఎంతసేపు ఆగుతున్నాయో వారం రోజులు పుస్తకంలో రాయండి. చాలా చోట్ల ఒకే కారు కవరు కప్పుకుని నెల తరబడి ఉంటుంది. ఒక్క కారు పడుకున్న చోటులో రోజూ అరవై మంది కూర్చోగలరని కాగితం మీద చూపిస్తే మిగతావాళ్లు మీ వైపే మాట్లాడతారు.

కాగితం పని

ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోండి. కాలనీ లోపలి వీధులు మున్సిపాలిటీవో కార్పొరేషన్‌వో అయి ఉంటాయి, పెద్ద రోడ్లు కొన్ని ఆర్ అండ్ బీవి, ఊళ్లలో పంచాయతీవి. అనుమతి ఇచ్చేది రోడ్డు ఎవరిదైతే వాళ్లే. మొక్కల విభాగం వాళ్లు సరే అన్నారు కదా అని మొదలుపెట్టేస్తే ఇంజినీరింగ్ విభాగం వాళ్లు వచ్చి పీకేస్తారు. ట్రాఫిక్ పోలీసులకి కూడా ఒక కాపీ ఇవ్వండి. ఫైర్ స్టేషన్‌కి వెళ్లి, "మీ బండి మా వీధిలో తిరగాలంటే ఎంత వదలాలి?" అని అడిగి, వాళ్లు చెప్పిన కొలత అర్జీలో రాయండి. ఈ ఒక్క వాక్యం చూసి అధికారికి మీ మీద గురి కుదురుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో అయితే వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ, ప్లానింగ్ సెక్రటరీ ఉంటారు, అక్కడ మొదలుపెట్టండి. తెలంగాణలో సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వొచ్చు. ముందు కార్పొరేటర్‌నో కౌన్సిలర్‌నో కలవడం మంచిది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలి. అర్జీలో ఆ మాట రాయండి. మొక్కలకి డబ్బులు లేవన్న జవాబు అంత తేలిగ్గా రాదు.

అర్జీ ఒక్క పేజీ దాటొద్దు. ఆ చోటు ఫొటో రెండు వైపుల నుంచి, కొలతలతో చేత్తో గీసిన బొమ్మ, ఎదురింటివాళ్ల సంతకాలు. వీటికంటే ముఖ్యమైనవి రెండు మాటలు: "ఇది 90 రోజుల ప్రయోగం", "ఇబ్బంది కలిగితే మా ఖర్చుతో మేమే తీసేస్తాం". శాశ్వతంగా ఇమ్మంటే ఫైలు కదలదు. మూడు నెలలకైతే సంతకం పెట్టే చెయ్యి వణకదు. న్యూయార్క్‌లో కూడా ఇలాగే జరిగింది. 2007లో బ్రూక్లిన్‌లోని పెర్ల్ స్ట్రీట్‌లో కార్లు నిలిపే ఒక త్రికోణపు ముక్కకి ఆకుపచ్చ రంగు వేసి, కుండీలు, బల్లలు పెట్టారు. పలుగు, పార పట్టలేదు. 2009లో టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్‌వే మీద కార్లు ఆపేసినప్పుడు మొదట వేసినవి బీచిలో వేసుకునే చవక మడత కుర్చీలు. జనం వచ్చి కూర్చున్నారు. రాతిపలకలు పరిచి శాశ్వతంగా కట్టింది ఆ తర్వాతి ఏళ్లలో.

విగ్రహం సంగతి ఇప్పుడే తేల్చుకోండి. మన ఊళ్లలో కూడలిలో ఖాళీ కనపడితే ఎవరో ఒకరు విగ్రహం తీసుకొస్తారు. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకి, కట్టడాలకి రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదని 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. వీధుల సుందరీకరణ పనుల్ని, ప్రజల సౌకర్యాల్ని మాత్రం అందులోంచి మినహాయించింది. బెంచీ, కుండీ పెట్టుకోవచ్చన్నమాట. ఆ ఆదేశం కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఎంత పెద్దవాళ్లు వచ్చినా వాదన పెంచుకోకుండా మర్యాదగా చూపించవచ్చు.

ముగ్గుతో మొదలు

ధనుర్మాసంలో మొదలుపెట్టమని నా సలహా. డిసెంబరు, జనవరి నెలల్లో ఎండ బాధ లేదు, వాన భయం తక్కువ. ఆడవాళ్లు తెల్లవారుజామునే ముగ్గు డబ్బాలతో వీధిలో ఉంటారు. ఆ చోటు అంచు వెంట ముగ్గుపిండితోనో తడి సున్నంతోనో గీత గీయండి. లోపల పెద్ద రథం ముగ్గు వెయ్యండి. ఆ ముగ్గు మీ ఇంజినీరింగ్ పరీక్ష. బండి నడిపేవాళ్లు తెలియకుండానే ముగ్గుని తప్పించి పోతారు. సాయంత్రానికి ఎక్కడ చెరిగిందో చూడండి. చక్రం పడేది అక్కడే. మర్నాడు గీతని జానెడు లోపలికి జరపండి. నాలుగైదు రోజుల్లో ఎవరికీ అడ్డు రాని అసలు ఆకారం తేలుతుంది. పాలవ్యాను, చెత్త ఆటో, స్కూలు బస్సు మూడూ తిరిగాయా లేదా అన్నది ముఖ్యం. మాకు స్కూలు బస్సు వెనక చక్రం ఒక మూల తినేసింది. ఆ మూలని వదులుకున్నాం.

తర్వాత ఒక ఆదివారం చూసుకోండి. టెంట్ హౌస్ నుంచి పాతిక కుర్చీలు, రెండు చాపలు, ఒక క్యారమ్ బోర్డు తెప్పించండి. మైకు వద్దు, ముఖ్య అతిథి వద్దు. కుర్చీలు వరుసగా పెట్టకండి, కుప్పగా వదిలేయండి. న్యూయార్క్ కూడళ్లలో జనం ఎలా కూర్చుంటారో ఏళ్ల తరబడి కెమెరాలు పెట్టి చూసిన విలియం వైట్ ఒక సంగతి గమనించాడు. కదిలే కుర్చీ దొరికితే మనిషి కూర్చునే ముందు దాన్ని అంగుళమైనా జరుపుకుంటాడు. మీ ఆదివారం కూడా ఎవరు కుర్చీని ఎటు జరుపుకున్నారో చూసి, సాయంత్రం కుర్చీలు తీసే ముందు ఒక్కొక్క దాని కాళ్ల దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టి ఫొటో తీసుకోండి. రేపు బెంచీ వెయ్యాల్సింది ఆ గుర్తుల మీదే.

మేం ఈ పని చెయ్యకుండా తొందరపడి మొదటి బెంచీని గోడవైపు ముఖం పెట్టి వేశాం. రోడ్డు దుమ్ము ముఖం మీదకి రాకూడదని మా ఆలోచన. రెండు వారాలు దాని మీద కాకి తప్ప ఎవరూ కూర్చోలేదు. మూడో వారం చూస్తే ఇస్త్రీ బండి అక్క దాని వీపు మీద తువ్వాలు పరిచి, రోడ్డువైపు తిరిగి బెంచీ అంచున ఒరిగి ఉంది. "అటు కూర్చుంటే ఏం కనిపిస్తదన్నా? గోడ" అంది. ఆ సాయంత్రమే నలుగురం పట్టి బెంచీని తిప్పాం. మర్నాటి నుంచి దాని మీద చోటు దొరకలేదు. మన జనానికి దారినపోయేవాళ్లు కనపడాలి, పలకరించాలి. వీధి అరుగు వీధివైపే ఉండేది కదా.

90 రోజుల సరంజామా

అంచుకి సిమెంటు రింగులు వాడండి. బావులకి, సెప్టిక్ ట్యాంకులకి దింపే ఒరలే. మూడడుగుల వెడల్పు రింగులో మట్టి నింపితే బైకు గుద్దినా కదలదు, కావాలంటే రింగు తీసి ఇంకో చోటికి దొర్లించుకోవచ్చు. రోడ్డు తవ్వే పనే లేదు. అడుగున పెంకుముక్కలు వేసి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నింపండి. రింగుకీ రింగుకీ మధ్య మూడడుగులు వదలండి. వీల్‌ఛైర్ పట్టాలి, కారు పట్టకూడదు. బండ్లు వచ్చే వైపు రింగులకి చుట్టూ రేడియం స్టిక్కర్ అతికించండి. ఇది మర్చిపోతే రాత్రి ఎవరైనా పడతారు. ఆ పాపం మీకు వద్దు.

బెంచీ ఎత్తు అడుగున్నర. పెద్దవాళ్లకి వీపు ఆనుకునే చోటు, లేవడానికి చేతులు ఆనించే కొయ్య ఉండాలి. ఈ రెండూ లేని బెంచీ కుర్రాళ్లకి మాత్రమే పనికొస్తుంది. కడప బండ అందంగా ఉంటుంది, చవక కూడా. నీడ లేని చోట మాత్రం వెయ్యకండి. మే నెలలో దాని మీద రాత్రి ఎనిమిదింటికి చెయ్యి పెట్టి చూడండి, ఇంకా పెనంలాగే ఉంటుంది. లేత రంగు షాబాద్ బండ కొంత నయం, చెక్క పలక ఇంకా నయం.

రోడ్డు పక్క కాలవని మూయొద్దు. రింగులు, బెంచీలు గట్టు అంచుకి ఆనించకుండా జానెడు వదిలితే వాన నీరు తన దారిన పోతుంది. వారానికోసారి ఆ సందులోకి చీపురు దూరాలి. కుండీల కింద పళ్లాలు పెట్టకండి, వాటిలో నిలిచే నీళ్లు డెంగీ దోమకి పుట్టిల్లు.

చెట్లు మాత్రం ధనుర్మాసంలో వద్దు. మృగశిర కార్తె దాకా ఆగండి. తొలకరి పడ్డాక నాటిన మొక్క వేసవి నాటికి వేళ్లూనుకుంటుంది. నేలలో నాటే అనుమతి దొరికితే కానుగ, వేప, పొగడ. కరెంటు తీగల కింద అయితే పారిజాతం, నందివర్ధనం చాలు. తవ్వే ముందు కింద మంచినీటి పైపు, కేబుల్ ఉన్నాయేమో లైన్‌మన్‌ని పిలిచి అడగండి. రావి, మర్రి అంటే నాకూ ఇష్టమే గానీ పదిహేను గజాల్లో వద్దు, వేళ్లు కాలవల్ని పగలగొడతాయి. గన్నేరుని మేకలు ముట్టవు కాబట్టి అందరూ నాటేస్తారు. అందులో ప్రతి భాగమూ విషమే, పిల్లలు ఆడే చోట పనికిరాదు. కోనోకార్పస్ తొందరగా పెరుగుతుందని నర్సరీవాళ్లు చెప్తారు. అలర్జీల గురించి, పైపుల్లోకి పోయే వేళ్ల గురించి ఫిర్యాదులు వచ్చి, తెలంగాణలో హరితహారంలోనే దాన్ని నాటొద్దన్నారు. విశాఖలో 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత ఏడాకుల పాల విరివిగా నాటారు. పూత కాలంలో ఆ ఘాటు వాసన భరించలేకపోతున్నామని అక్కడివాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. నీడ ఎంత ముఖ్యమో, ఏ చెట్టు నీడ అన్నదీ అంతే ముఖ్యం. ఉన్న చెట్టు కొమ్మలు అడ్డమొచ్చినా మీరే నరికేయకండి. నీరు, భూమి, చెట్ల రక్షణకి చేసిన వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి.

పండగలు, టెంట్లు

పై దేశాల పార్క్‌లెట్ల నమూనాలు చూసి అలాగే గీస్తే మన దగ్గర చెడేది ఇక్కడే. మన వీధి పండక్కి పందిరి, పెళ్లికి వంటశాల, చావుకి టెంట్. ఆ రోజు ఇంటి ముందు షామియానా వెయ్యలేకపోతే ఆ కుటుంబం మీ పార్కుని జన్మలో క్షమించదు. క్షమించనక్కర్లేదు కూడా. కాబట్టి మధ్య భాగాన్ని ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. బెంచీలు అంచుల్లోనే ఉండాలి, నలుగురు పట్టి ఎత్తగలిగే బరువే ఉండాలి. ఖాళీగా వదిలిన ఆ మధ్యలో బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు తిరగగలగాలి. అదే నేను పెట్టుకున్న కొలత. మిగతా రోజుల్లో అక్కడ పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడతారు.

వినాయక చవితికి రెండు నెలల ముందే యూత్ కుర్రాళ్లతో కూర్చోండి. "ఇక్కడ మండపం పెట్టొద్దు" అనకండి. "మీ మండపానికి ఎంత చోటు కావాలి? ఏ రింగులు జరపాలి? నిమజ్జనం మర్నాడు ఎవరు తిరిగి పెడతారు?" అని అడగండి. గుంజలు పాతడానికి నాలుగు చోట్ల ఇనుప గొట్టాలు ముందే దింపించి మూతలు పెట్టండి. ప్రతి ఏడాదీ గడ్డపారతో గుంతలు తవ్వే బాధ పోతుంది. మా దగ్గర కుర్రాళ్లే తొమ్మిది రోజులూ మొక్కలకి నీళ్లు పోశారు, నిమజ్జనం మర్నాడు రింగులకి మళ్లీ రంగులు వేశారు.

ఫ్లెక్సీల విషయంలో మాత్రం మొహమాటపడకండి. పుట్టినరోజు ఫ్లెక్సీ ఒక్కటి కట్టనిస్తే వారంలో ఆరు వస్తాయి, బెంచీ మీద కూర్చున్నవాళ్లు వీధికి కనపడరు. ఏ పార్టీదీ వద్దని మొదటి మీటింగులోనే రాసుకుని, అందరితో సంతకాలు పెట్టించండి. మీకు నచ్చిన నాయకుడిదైనా సరే.

నీళ్లు ఎవరు పోస్తారు

అన్నిటికంటే కష్టమైనది ఇదే. మొదటి నెల అందరూ పోస్తారు. ఏప్రిల్ వచ్చేసరికి సెలవులకి ఊళ్లకి వెళ్లిపోతారు, మొక్కలు ఎండిపోతాయి. అందరి బాధ్యత అంటే ఎవరిదీ కాకుండా పోతుంది. ఒక్కో రింగుని ఒక్కో ఇంటికి అప్పగించండి. రింగు మీద ఇంటి నంబరు రాయండి. నంబరు రాశాక మా రెండో అంతస్తు అత్తయ్య గారు మెట్లు దిగలేకపోయినా మనవరాలి చేతికి చెంబిచ్చి పంపేవారు. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు మరీ ఉప్పగా లేకపోతే కుండీలకి వాడుకోవచ్చు. బియ్యం కడిగిన నీళ్లు ఇంకా మంచివి. వేసవికి ఊరెళ్లేవాళ్లు తమ రింగు ఎవరికి అప్పజెప్పారో గ్రూపులో చెప్పాలి. ఊడ్చే పనిని మాత్రం పారిశుధ్య కార్మికుల మీద అదనంగా వెయ్యకండి. వాళ్ల చేత చేయిస్తే ఆ పనికి డబ్బివ్వండి.

లెక్క రాసి పెట్టుకోండి

రింగులు పెట్టకముందు వారం, పెట్టాక వారం, ఆఖరి వారం. రోజుకి నాలుగుసార్లు, ఉదయం 7, 11, సాయంత్రం 5, రాత్రి 8కి, ఆ చోటులో ఎంతమంది ఉన్నారో రాయండి. ఆడవాళ్లెందరు, పిల్లలెందరు, పెద్దవాళ్లెందరు విడివిడిగా. ఈ పని తొమ్మిది, పదో తరగతి పిల్లలకి అప్పగించండి, వాళ్లకంటే నిజాయితీగా లెక్కపెట్టేవాళ్లు ఉండరు. రాత్రి ఎనిమిది లెక్కలో ఆడవాళ్లు లేరంటే ముందు లైటు చూడండి, తర్వాత కుర్చీలు ఎవరు ఆక్రమించారో చూడండి. పగలు పదకొండింటికి ఎవరూ లేరంటే నీడ లేదని అర్థం. ఒక టార్పాలిన్ కట్టి మళ్లీ లెక్కపెట్టండి.

90 రోజులయ్యాక ఈ కాగితాలు, మొదటి ఫొటో, ఇప్పటి ఫొటో పట్టుకుని అదే ఆఫీసుకి వెళ్లండి. అప్పుడు అడగండి ఫుట్‌పాత్ ఎత్తుకి లేపమని, పేవర్ టైల్స్ వెయ్యమని, చెట్టుకి నేలలో గుంత ఇమ్మని. కూర్చునేవాళ్లు రాకపోతే మాత్రం మాట ఇచ్చినట్టే తీసేయండి. రింగులు ఇంకో మలుపుకి పనికొస్తాయి.

సిమెంటు పని మొదలైన రోజు మీరు అక్కడే నిలబడాలి. మేస్త్రీ ఎంత మంచివాడైనా చెట్టు మొదలు దాకా కాంక్రీటు పోసేస్తాడు, అదే శుభ్రం అనుకుంటాడు. మొదలు చుట్టూ కనీసం మూడడుగులు మట్టి వదలమని సుద్దతో గీత గీసి చూపించండి. పేవర్ల వాలు కాలవ వైపు ఉందో లేదో ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి చూసుకోండి. బెంచీ కాళ్లకి గుంతలు తీసే ముందు, ఆ మొదటి ఆదివారం సుద్ద గుర్తుల ఫొటో ఫోన్లో తెరిచి మేస్త్రీకి చూపించండి.